శిక్ష పడని ఖైదీ: రాంచీ పాత జైల్లో బిర్సా ముండా



బిర్సా ముండా పేరు తెలియనోళ్ళు ఈ గ్రూపులో ఎవరూ ఉండరు. నవంబర్ 15 వస్తే హాస్టల్లో ఫోటో పెడతాం, దండ వేస్తాం, సాయంత్రం థింసా ఆడతాం. ఎవరో ఒకరు మైకు పట్టుకుని 'జల్ జంగల్ జమీన్' అంటారు. అంతా బాగానే ఉంటుంది. కానీ ఒక ప్రశ్న అడుగుతాను, చదవడం ఆపి ఒక్క నిమిషం ఆలోచించండి. బిర్సాని 1900లో పట్టుకున్నాక కోర్టు ఆయనకి వేసిన శిక్ష ఏంటి?

మా హాస్టల్లో ఇదే అడిగితే కొంతమంది ఉరి అన్నారు. కొంతమంది యావజ్జీవం అన్నారు. రెండూ కాదు. 1900 జూన్ 9న రాంచీ జైల్లో ఆయన ప్రాణం పోయేనాటికి ఆ కేసులో తీర్పే రాలేదు. అంటే చట్టం లెక్కలో అప్పటికి ఆయన మీద నేరం రుజువు కాలేదు. ఆయన విచారణ ఖైదీ. ఇప్పటి కోర్టు మాటలో చెప్పాలంటే అండర్ ట్రయల్.

ఆ జైలు ఇప్పుడు మ్యూజియం అయింది. పోయిన చలికాలం సెలవుల్లో మా హాస్టల్ నుంచి ఐదుగురం వెళ్ళి చూసి వచ్చాం. అక్కడ చూసిందీ, తరవాత చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగు పోస్టు. ఓపిగ్గా చదవండి.

దారంతా మనవాళ్ళే

మా జిల్లా వాళ్ళకి రాంచీ దూరం అనిపిస్తుంది గానీ, అందరూ బొకారో అని పిలిచే బండి ఎక్కితే నేరుగా వెళ్ళిపోవచ్చు. విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, సంబల్‌పూర్, రూర్కెలా మీదుగా వెళ్తుంది. ఒక రాత్రి ప్రయాణం. ఆ దారి పొడుగునా కిటికీలోంచి కనిపించే కొండలన్నీ ఎవరివో చూడండి. మా వైపు జాతాపులు, సవరలు. రాయగడ దాటితే కోందులు. ఇంకా పైకి పోతే ఖరియాలు, ఉరావ్‌లు, ముండాలు. భాష మారుతుంది, చీర కట్టు మారుతుంది. రైల్లోకి ఎక్కే అడ్డాకుల కట్టలూ, చీపుళ్ళ మోపులూ మాత్రం మారవు.

వెళ్తున్నానని ఫోన్ చేస్తే మా అమ్మ ఏమందంటే, 'మీ తాతని జైల్లో ఎడతారేమోనని మేం ఏడిస్తే, నువ్వు డబ్బులెట్టుకుని జైలు సూడ్డానికి ఎల్తన్నావేట్రా?' అంది. నవ్వొచ్చింది గానీ ఆ మాట బండి దిగేదాకా మనసులో తిరుగుతూనే ఉంది. మా తాత చేసిన నేరం పోడు కొట్టడం. తన తాత కొట్టిన చోటే కొట్టాడు. ఒక రాత్రి స్టేషన్లో కూచోబెట్టి, గొడ్డలి లాక్కుని పంపించారు. ఆ గొడ్డలి మళ్ళీ రాలేదు. మన ఊళ్ళలో ఇలాంటి కథ లేని ఇల్లు ఎన్ని ఉంటాయో మీకే తెలుసు. చదువుకోని మా ఇంట్లో జైలు అనే మాటకి అర్థం నేరం చేసినవాళ్ళు ఉండే చోటు కాదు. ఎప్పుడైనా, ఎందుకైనా మనల్ని పట్టుకెళ్ళే చోటు.

రాంచీ పాత జైలు ఊరి మధ్యలోనే ఉంది. ఖైదీలని హోట్వార్ అనే చోట కట్టిన కొత్త జైలుకి మార్చాక, ఈ పాతదాన్ని బాగుచేసి బిర్సా ముండా స్మారక పార్కు, స్వాతంత్ర్య సమర యోధుల మ్యూజియంగా చేశారు. 2021 నవంబర్ 15న ప్రధానమంత్రి ప్రారంభించారు. నవంబర్ 15ని జనజాతీయ గౌరవ దినంగా మొదటిసారి జరిపింది కూడా ఆ ఏడే. చుట్టూ తోట, పిల్లల ఆటస్థలం, నీళ్ళ ఫౌంటెన్ ఉన్నాయి. కుటుంబాలు పిల్లల్ని తీసుకొచ్చి సాయంత్రాలు గడుపుతుంటాయి. మధ్యలో 25 అడుగుల బిర్సా విగ్రహం. లోపల పాత జైలు గోడలు, ఇనుప కటకటాలు, ఖైదీల బ్యారక్‌లు. బిర్సాని ఉంచారని చెప్పే గది కూడా ఉంది. చిన్న గది. బయట ఎండలోంచి లోపలికి అడుగుపెడితే కళ్ళు అలవాటు పడడానికి కాసేపు పడుతుంది. అక్కడ మాతో ఉన్న ముండా అమ్మాయిలు ఇద్దరు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళారు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకి. మేమూ విడిచాం.

జైలుకి ముందు కథ

జైలు గోడ దగ్గర మొదలుపెడితే కథ అర్థం కాదు. భూమి దగ్గర మొదలుపెట్టాలి.

ముండాల ఊళ్ళలో ఖూంట్‌కట్టి అనే పద్ధతి ఉండేది. ఏ వంశం వాళ్ళు మొదట అడవి నరికి, రాళ్ళు ఏరి, పొలం చేశారో ఆ భూమి ఆ వంశం అందరిదీ. ఒక్కడి పేరు మీద కాగితం ఉండదు. అమ్మడం, కొనడం ఉండదు. ఛోటానాగ్‌పూర్ రాజులు బయటి నుంచి వచ్చినవాళ్ళకి ఊళ్ళు రాసివ్వడం మొదలుపెట్టారు. జమీందార్లు, ఠేకేదార్లు, వడ్డీ వ్యాపారులు వచ్చారు. వీళ్ళని ముండాలు దికూలు అన్నారు. కంపెనీ వచ్చాక, దాని కోర్టులు వచ్చాక, కాగితం ఉన్నవాడిదే భూమి అయింది. అడవి కొట్టి పొలం చేసినవాడు తన పొలంలోనే కౌలుదారు అయ్యాడు. దానికి తోడు బేఠ్ బేగారి. అంటే కూలి లేని చాకిరీ. జమీందారు పొలం దున్నాలి, మోత మొయ్యాలి, పల్లకీ ఎత్తాలి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఆదివాసీలంటే విల్లు పట్టుకుని దూకేస్తారని బయట ఒక మాట ఉంది. అది అబద్ధం. 1831-32లో కోల్ తిరుగుబాటు జరిగిన మాట నిజమే. కానీ ఆ తరవాత 1858 నుంచి ముండా సర్దార్లు నలభై ఏళ్ళ పాటు నడిపింది అర్జీల పోరాటం. దాన్ని సర్దారీ లడాయి అంటారు. కమిషనర్‌కి అర్జీ, గవర్నర్‌కి అర్జీ, కోర్టులో కేసు, చందాలు వేసుకుని వకీళ్ళు. మిషనరీలు సాయం చేస్తారని చర్చిలో చేరారు. పని జరగలేదని బయటికి వచ్చారు. అన్ని తలుపులూ కొట్టి చూశారు. ఒక తరం మొత్తం అర్జీలు రాస్తూనే ముసలిదైపోయింది.

బిర్సా ఆ అర్జీల మధ్యలో పుట్టిన పిల్లాడు. 1875 నవంబర్ 15న ఉలిహాతు అనే ఊళ్ళో. అది ఇప్పుడు ఖూంటీ జిల్లాలో ఉంది. తండ్రి సుగనా ముండా, తల్లి కర్మీ. కూలి కోసం ఊళ్ళు మారే కుటుంబం. మేకలు కాశాడు. చాయ్‌బాసాలో జర్మన్ మిషన్ బడిలో చదివాడు, తరవాత దాన్ని వదిలేశాడు. అంటే బిర్సా కూడా ఇంటికి దూరంగా ఉండి చదువుకున్న పిల్లాడే. మనలాగే.

1895లో ఆయన తన జనానికి కొత్త మాట చెప్పడం మొదలుపెట్టాడు. సారా మానండి, చేతబడి నమ్మకం మానండి, శుభ్రంగా ఉండండి, ఒకే దేవుణ్ణి కొలవండి అన్నాడు. జబ్బు చేసినవాళ్ళకి సేవ చేశాడు. జనం ఆయన్ని ధర్తీ ఆబా అన్నారు. భూమికి తండ్రి అని. చల్కాద్ ఊరికి వేలమంది నడిచి వచ్చారు. భక్తి వరకే అయితే సర్కారుకి ఇబ్బంది లేదు. కానీ ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. ఈ నేల మనది, పన్ను కట్టొద్దు అని. 1895 ఆగస్టులో రాత్రిపూట వచ్చి పట్టుకుపోయారు. రెండేళ్ళ జైలు శిక్ష వేసి హజారీబాగ్ జైల్లో పెట్టారు. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్ళు ఇంకా నిండలేదు.

మొదటిసారి జైలుకి వెళ్ళింది అలా. ఆయన లోపల ఉండగానే 1896-97 కరువు వచ్చింది. బయటికి వచ్చేసరికి జనం పరిస్థితి ఇంకా దిగజారింది. జైలు బిర్సాని భయపెట్టలేదు. అర్జీలతో పని కాదన్న సంగతి మాత్రం అక్కడే ఖాయం అయినట్టుంది.

ఉల్‌గులాన్

1899 డిసెంబర్ 24, క్రిస్మస్ ముందు రోజు రాత్రి. రాంచీ, సింహభూమ్ ప్రాంతాల్లో ఒకేసారి బాణాలు లేచాయి. చర్చిల మీద, పోలీసు ఠాణాల మీద దాడులు జరిగాయి. దీన్నే ఉల్‌గులాన్ అంటారు. పెద్ద కల్లోలం అని అర్థం. జనవరి 7న ఖూంటీ ఠాణా మీద పడ్డారు. జనవరి 9న డోంబారీ దగ్గర సైల్ రకబ్ కొండ మీద బిర్సా మనుషులు గుమిగూడారు. ఆడవాళ్ళు, పిల్లలు కూడా ఉన్నారు. సైన్యం చుట్టుముట్టి కాల్పులు జరిపింది. ఎంతమంది పోయారో సర్కారు లెక్క ఒకటి, జనం లెక్క ఇంకొకటి. ఇప్పటికీ ప్రతి జనవరి 9న అక్కడికి జనం వెళ్తారు.

బిర్సా అక్కడ దొరకలేదు. తల మీద 500 రూపాయల బహుమతి పెట్టారు. 1900లో, కరువు ఊళ్ళలో, 500 రూపాయలంటే ఎంతో ఊహించుకోండి. ఫిబ్రవరి 3న చక్రధర్‌పూర్ వైపు జామ్‌కోపాయ్ అడవిలో నిద్రపోతుండగా కొంతమంది పట్టి అప్పగించారు. ఆ ప్రాంతం వాళ్ళే. ఈ ముక్క మన ఉపన్యాసాల్లో ఎవరూ చెప్పరు. చెప్పాలి. ఆకలి ఉన్న చోట బహుమతి ఏం చేస్తుందో తెలియాలి కదా.

ఫిబ్రవరి 3 నుంచి జూన్ 9 వరకు. నాలుగు నెలల పైన ఆరు రోజులు. రెండోసారి ఆయన జైలు జీవితం అంతే. అధికారులు కలరాతో చనిపోయాడని రాశారు. విషం పెట్టారని ముండాలు అప్పుడే అన్నారు, ఇప్పటికీ అంటారు. శవాన్ని ఇంటివాళ్ళకి ఇవ్వలేదు. ఊరి చివర కోకర్ దగ్గర వాగు ఒడ్డున గుట్టుగా కాల్చేశారు. ఇప్పుడు అక్కడ సమాధి ఉంది. ఆయనకి పాతికేళ్ళు నిండలేదు.

కలరానా, విషమా అని మేం ఐదుగురం రాత్రి చాలాసేపు వాదించుకున్నాం. చివరికి మాలో ఒకడు అన్న మాట నాకు సరైనదనిపించింది. కలరా అనే అనుకుందాం. ఆ నీళ్ళు తాగించింది ఎవరు? ఆ ఇరుకులో కుక్కింది ఎవరు? మనిషిని తాళం వేసి పెట్టినవాడిదే ఆ మనిషి ప్రాణానికి బాధ్యత. శిక్ష పడక ముందే ఖైదీ చనిపోతే, కారణం ఏదైనా, జవాబు చెప్పాల్సింది జైలే.

ఆయన ఒక్కడే కాదు. ఉల్‌గులాన్ కేసుల్లో దాదాపు 460 మందిని ముద్దాయిలుగా చూపించారు. చివరికి నేరం రుజువైంది 63 మంది మీద. ఒకరికి ఉరి, 39 మందికి యావజ్జీవ ద్వీపాంతరం, 23 మందికి 14 ఏళ్ళ వరకు జైలు. విచారణ జరుగుతుండగానే జైల్లో చనిపోయినవాళ్ళు బిర్సాతో కలిపి ఆరుగురు. ఈ అంకెల్ని ఇంకోలా చదవండి. 460లోంచి 63 తీసేస్తే దాదాపు 400 మంది. వాళ్ళ మీద నేరం రుజువు కాలేదు. కానీ కేసు పడింది. విత్తనాల కాలంలో పొలం వదిలి కోర్టు చుట్టూ తిరిగారు. వాళ్ళకి విగ్రహాలు లేవు.

సంకెళ్ళు ఉంచాలా, తీయాలా

బిర్సా ఫోటోల్లో మనందరికీ బాగా తెలిసింది ఆయన్ని పట్టుకున్నాక తీసింది. తలపాగా, చేతులకి బేడీలు. ఆ ఫోటో చూసే చాలా విగ్రహాలు చేశారు. అందుకే చాలా చోట్ల బిర్సా విగ్రహం సంకెళ్ళతోనే ఉండేది. 2016లో ఝార్ఖండ్ ప్రభుత్వం ఆ సంకెళ్ళు తీసేయాలని నిర్ణయించింది. స్వతంత్ర దేశంలో కూడా మా బిర్సా బేడీల్లో ఎందుకుండాలి అని అడిగినవాళ్ళ బాధ న్యాయమైనదే. పిల్లలు ఆయన్ని ఓడిపోయిన మనిషిగా చూడకూడదు.

కానీ ఆ జైలు గదిలో నిలబడ్డాక నాకు ఇంకో ఆలోచన వచ్చింది. విగ్రహానికి సంకెళ్ళు తీయొచ్చు. చరిత్ర పుస్తకంలోంచి తీయకూడదు. బేడీలు కనపడకపోతే బిర్సా మంచి దేవుడు, అందరికీ నచ్చే దేవుడు అయిపోతాడు. ఆయన్ని ఎవరు కట్టేశారు, ఏ భూమి కోసం కట్టేశారు అనే ప్రశ్న పోతుంది. దండ వేసేవాళ్ళకి ఆ ప్రశ్న లేకపోతేనే సుఖం. మనకి సుఖం కాదు.

అక్కడ బిర్సా ఒక్కడికే చోటు ఇవ్వలేదు, అది నాకు బాగా నచ్చింది. 9 అడుగుల విగ్రహాలు ఇంకొన్ని ఉన్నాయి. కోల్ తిరుగుబాటు నాటి బుధూ భగత్. 1855లో సంతాల్ హూల్ నడిపిన అన్నదమ్ములు సిద్ధూ, కాన్హూ. 1857లో పలామూలో లేచిన నీలాంబర్, పీతాంబర్. హోల నాయకుడు పోటో హో. ఖరియాల తెలంగా ఖరియా. ఉల్‌గులాన్‌లోనే చనిపోయిన గయా ముండా. ఆయుధం పట్టకుండా తానా భగత్ ఉద్యమం మొదలుపెట్టిన ఉరావ్ యువకుడు జత్రా భగత్. పేర్లు చదువుకుంటూ పోతే 1857ని మొదటి స్వాతంత్ర్య పోరాటం అని మనం బట్టీ పట్టిన పాఠం కాస్త కదులుతుంది. దానికి పాతికేళ్ళ ముందే కోల్‌లు ఉన్నారు. రెండేళ్ళ ముందే సంతాల్‌లు ఉన్నారు.

మన కొండల్లో ఇదే కథ

ఆ విగ్రహాల మధ్య తిరుగుతుంటే మా ఐదుగురికీ ఒకటే అనిపించింది. ఇదంతా మనం విన్నదే, పేర్లే వేరు.

1879లో రంప చూడండి. కల్లు గీసుకున్నందుకు చిగురుపన్ను, మన్సబ్‌దారు దోపిడీ, కింద నుంచి వచ్చిన వ్యాపారులు కోర్టు కాగితాలతో భూములూ పశువులూ పట్టుకుపోవడం. ముండాలకి దికూలు చేసిందే కోయలకీ, కొండరెడ్లకీ ఇక్కడ జరిగింది. అంబుల్ రెడ్డి, కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లేచారు. చంద్రయ్యని 1880లో చంపేశారు. పట్టుబడ్డవాళ్ళలో చాలామందిని అండమాన్ పంపేశారు. ఉల్‌గులాన్‌కి ఇరవై ఏళ్ళ ముందు మాట ఇది. ఆ తరవాత 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చి పోడు కొట్టడమే నేరం అయింది.

1922కి వస్తే, గూడెం కొండల్లో ఘాట్ రోడ్డు పనికి కూలి సరిగ్గా ఇవ్వకుండా మనవాళ్ళ చేత చాకిరీ చేయించారు. బేఠ్ బేగారి అన్నమాట, పేరు మారింది అంతే. ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి జరిగింది. అల్లూరి పేరు అందరికీ తెలుసు. తుపాకులు తీసుకెళ్ళడం సినిమాల్లో చూశాం. రాజవొమ్మంగి లాకప్పులో ఉన్న వీరయ్యదొరని విడిపించడం కూడా ఆ దాడిలో భాగమే. ఆ సంగతి ఎంతమందికి తెలుసు? గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు. గంటందొర పోరులోనే పోయాడు. మల్లుదొర పట్టుబడి ఏళ్ళ తరబడి జైలు చూశాడు. బతికి బయటికి వచ్చాడు. 1952లో జరిగిన మొదటి లోక్‌సభ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి పార్లమెంటుకి వెళ్ళాడు. జైలు నుంచి పార్లమెంటు దాకా వెళ్ళిన మన మనిషి. ఆయన గురించి మా డిగ్రీ పుస్తకంలో ఒక్క లైను లేదు.

అల్లూరిని 1924 మే 7న కొయ్యూరు దగ్గర చెట్టుకి కట్టి కాల్చారు. కోర్టు లేదు, విచారణ లేదు. బిర్సాకి కోర్టు ఉంది గానీ తీర్పు దాకా ప్రాణం నిలవలేదు. ఇద్దరి విషయంలోనూ సర్కారు తన చట్టాన్ని తానే పూర్తి చేయలేదు.

జైలుకి బిర్సా పేరు

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న సంగతికి వస్తాను. పాత జైల్లోంచి ఖైదీలని మార్చారని చెప్పాను కదా, హోట్వార్‌లోని ఆ కొత్త జైలు పేరేంటో తెలుసా? బిర్సా ముండా కేంద్ర కారాగారం.

గౌరవంతోనే పెట్టి ఉంటారు. విమానాశ్రయానికీ ఆయన పేరే ఉంది. కానీ విచారణ పూర్తికాకుండా జైల్లో చనిపోయిన మనిషి పేరు ఒక జైలుకి పెట్టామంటే, ఆ జైల్లో విచారణ కోసం ఎదురుచూస్తూ ఎవరూ మగ్గిపోకూడదు. ఆ పేరుకి అర్థం అదే కావాలి. దేశం మొత్తం లెక్క చూస్తే, 2022 చివరికి మన జైళ్ళలో ఉన్నవాళ్ళు దాదాపు 5.73 లక్షలు. అందులో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురు. వాళ్ళలో ఆదివాసీల వాటా దేశ జనాభాలో మన వాటా కంటే ఎక్కువ. 2011 జనాభా లెక్కల్లో మనం 8.6 శాతం.

ఈ ఎదురుచూపుకి రాంచీతో ఇంకో సంబంధం కూడా ఉంది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. అప్పటి బీహార్ జైళ్ళలో ఏళ్ళ తరబడి విచారణ లేకుండా ఉన్నవాళ్ళ గురించి పత్రికలో వచ్చిన వార్తలు చూసి న్యాయవాది కపిలా హింగోరానీ వేసిన కేసు. పట్నా, ముజఫర్‌పూర్ జైళ్ళతో పాటు రాంచీ జైలు ఖైదీలు కూడా అందులో ఉన్నారు. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ పేరుతోనే లోపల ఉన్నవాళ్ళున్నారు. త్వరగా విచారణ జరగడం మనిషి ప్రాథమిక హక్కు అనీ, పేదవాడికి ఉచితంగా వకీలుని ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత అనీ కోర్టు చెప్పింది ఆ కేసులోనే. బిర్సా పోయిన 79 ఏళ్ళకి.

2022 నవంబర్ 26న రాజ్యాంగ దినం రోజు రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు సుప్రీంకోర్టు పెద్దల ముందే ఈ మాట ఎత్తారు. చిన్న చిన్న కేసుల్లో ఇరుక్కుని, బయటికి తెచ్చుకునే డబ్బు లేక, తమ హక్కులేంటో తెలియక లోపల ఉండిపోయిన పేదల గురించి మాట్లాడారు. ఆమె సంతాల్ ఆడపడుచు. హూల్ చేసిన జాతి నుంచి వచ్చి ఆ కుర్చీలో కూచున్న మనిషి ఆ మాట అనడం చిన్న విషయం కాదు.

చదువుకుంటున్న మనకి ఇక్కడ పని ఉంది. ఉపన్యాసం కాదు, పని. షెడ్యూల్డ్ తెగల వాళ్ళకి ఆదాయం ఎంతన్నది చూడకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలని 1987 న్యాయ సేవల అధికారాల చట్టంలో రాసి ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి తెల్ల కాగితం మీద అర్జీ ఇస్తే చాలు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం ప్రకారం మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల ఉంటే బాండు మీద వదలాలి. ఉరి, యావజ్జీవం పడే కేసులకీ, ఒకటి కంటే ఎక్కువ కేసులు ఉన్నవాళ్ళకీ ఇది వర్తించదు. ఈ నాలుగు ముక్కలు మీ ఊళ్ళో ఎంతమందికి తెలుసో చూడండి. మా ఊళ్ళో ఎవరికీ తెలీదు. మా తాతని కూచోబెట్టిన రాత్రి ఇంట్లో ఒక్కరికి తెలిసి ఉన్నా, మా అమ్మ అంత ఏడ్చేది కాదు.

పోరాటం మిగిల్చింది ఏంటి

బిర్సా ఓడిపోయాడని కొందరు రాస్తారు. యుద్ధం లెక్కన అయితే ఓడిపోయాడు. కానీ ఆయన పోయిన ఎనిమిదేళ్ళకి 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం వచ్చింది. ముండాల ఖూంట్‌కట్టి హక్కుని కాగితం మీద ఒప్పుకుంది. ఆదివాసీ భూమి బయటివాళ్ళకి పోకుండా అడ్డం పెట్టింది. కూలి లేని చాకిరీకి చెక్ పెట్టింది. తెల్లవాడికి జాలి కలిగి ఇచ్చింది కాదు. ఇంకో ఉల్‌గులాన్ వస్తుందన్న భయంతో ఇచ్చింది.

మనకి 1917లో ఏజెన్సీ భూ బదలాయింపు చట్టం వచ్చింది. తరవాత 1959 రెగ్యులేషన్, 1970లో దాని సవరణ. మనం ఒకటి బై డెబ్బై అని పిలిచేది అదే. 1997లో సమతా తీర్పు. వీటిని వరసగా పెట్టి చదివితే ఒక్కొక్క సెక్షన్ వెనకా ఎవరో జైలుకి వెళ్ళిన చరిత్ర కనిపిస్తుంది.

చట్టం వచ్చాక పని అయిపోలేదు. ఝార్ఖండ్‌లో 1908 చట్టాన్ని సవరించాలని 2016లో బిల్లు పెడితే ఆదివాసీలు రోడ్డు మీదికి వచ్చారు. 2017లో గవర్నర్ ఆ బిల్లుని వెనక్కి పంపారు. అప్పటి గవర్నర్ ఎవరో కాదు, ద్రౌపది ముర్ము గారే. మన దగ్గర 1/70 ఉండగానే ఏజెన్సీ మండల కేంద్రాల్లో భూములు ఎవరి చేతుల్లో ఉన్నాయో మీరే చూస్తున్నారు.

గ్రూపు వాళ్ళకి ఒక మనవి

ఆదివాసీ స్వాతంత్ర్య యోధుల మ్యూజియంలు కేంద్రం కొన్ని రాష్ట్రాలకి మంజూరు చేసింది. మనకి లంబసింగి వైపు, తెలంగాణకి హైదరాబాద్‌లో. వాటిలో పెద్దవాళ్ళ విగ్రహాలు ఎలాగూ ఉంటాయి. కానీ ఆ 400 మంది లాంటివాళ్ళు, కేసు పడి, తిరిగి తిరిగి, పేరు లేకుండా పోయినవాళ్ళు, మన కొండల్లోనూ ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ ఆఫీసు ఫైల్లో ఉన్నాయో వెతకడానికి టైం పడుతుంది. మన ముసలివాళ్ళ నోట్లో మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళు ఎంతకాలం ఉంటారు?

అందుకని అడుగుతున్నాను. ఈసారి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ తాతనో, మామ్మనో, ఊళ్ళో పెద్దనో కూచోబెట్టి అడగండి. మన ఊరి నుంచి జైలుకి ఎవరెవరు వెళ్ళారు, ఏ కేసు, పోడా, కట్టెలా, భూమా, ఎన్నాళ్ళు ఉన్నారు, వచ్చాక ఏమయ్యారు. ఫోన్లో రికార్డు చేయండి. మన భాషలోనే చెప్పనివ్వండి, తెలుగులోకి తరవాత మార్చుకోవచ్చు. బతికున్నవాళ్ళ పేర్లు వాళ్ళని అడక్కుండా బయట పెట్టొద్దు. పోయినవాళ్ళవి, ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే, ఇక్కడ పెట్టండి. ఒక ఏడాదిలో యాభై ఊళ్ళ లెక్క వస్తే, లంబసింగిలో పని చూసేవాళ్ళ దగ్గరికి అందరం కలిసి పట్టుకెళ్దాం. ఇదిగో మా చరిత్ర, దీనికీ ఒక గోడ ఇవ్వండి అని అడుగుదాం.

మా ఊరి లెక్కకి మొదటి పేరు మా తాతది రాసుకున్నాను. ఒక రాత్రి, ఒక గొడ్డలి. మిగతావి అడిగి రాస్తాను.

జోహార్ బిర్సా. జోహార్ మల్లుదొర. జై ఆదివాసీ.

మీలో ఒకడు,
డిగ్రీ రెండో సంవత్సరం, పార్వతీపురం మన్యం జిల్లా